వివాదంలో ఉన్నవారిని ఇంగ్లీషులో ఏమనాలి?

వివాదంలో ఉన్న ఇరుపక్షాల గురించి ఇంగ్లీషులో లేఖ గాని నివేదిక గాని రాయవలసి వచ్చినప్పుడు, తప్పెవరిదో ఇంకా తేలని దశలో 'పార్టీస్ టు ద డిస్ప్యూట్' అనడం అన్నిటికంటే క్షేమం; ఆ మాట ఎవరివైపూ మొగ్గదు, 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టరులోని 33వ అధికరణం కూడా దాదాపు ఇదే మాటను వాడింది. ఇందులో 'ఆఫ్' కాక 'టు' రావాలన్న సంగతి చాలామంది మరచిపోతారు.

'లిటిగెంట్స్' అన్నది వ్యవహారం కోర్టుకెక్కిన తరువాతే చెల్లుతుంది. సివిల్ దావా వేసినవారు 'ప్లెయింటిఫ్', ఎదుటివారు 'డిఫెండెంట్' అవుతారు గాని, రిట్ వ్యవహారాల్లో 'పిటిషనర్', 'రెస్పాండెంట్' అనీ, అప్పీలులో 'అప్పెల్లెంట్', 'రెస్పాండెంట్' అనీ రాయాలి. ఇంగ్లండ్, వేల్స్ సివిల్ కోర్టుల్లోనైతే 1999 నుంచి 'ప్లెయింటిఫ్' స్థానంలో 'క్లెయిమెంట్' వచ్చింది. సివిల్ తగాదాలో ఎదుటివారిని 'అక్యూజ్డ్' అనడం నా దృష్టిలో అన్యాయమే, ఎందుకంటే ఆ మాట నేరారోపణ ఎదుర్కొంటున్నవారికి వర్తించేది. పత్రికల్లో కనబడే 'వారింగ్ పార్టీస్' సాయుధ పోరుకు సరిపోతుంది. ఇద్దరు భాగస్వాముల లెక్కల పేచీకి అది మరీ బరువైన మాట.