‘విచిత్ర సోదరులు’లో అప్పు కాళ్లు ఎక్కడ దాచారో కనిపెట్టడం ఎలా

మాది పెళ్లి వీడియోలు తీసే స్టూడియో. కొత్త కుర్రాడెవరైనా చేరితే కెమెరా చేతికివ్వకముందు 1989 నాటి తమిళ సినిమా ‘అపూర్వ సహోదరర్‌గళ్’ పెట్టి చూడమంటాను. తెలుగు డబ్బింగ్ ‘విచిత్ర సోదరులు’ అయినా పర్లేదు. తీసింది మన సింగీతం శ్రీనివాసరావు గారే.

మొదటిసారి కథ కోసం చూసెయ్యండి. నలుగురు దుర్మార్గులు ఇన్‌స్పెక్టర్‌ని చంపి, కడుపుతో ఉన్న ఆయన భార్య చేత విషం తాగిస్తారు. పుట్టిన కవలలు విడిపోతారు. రాజా మెకానిక్ అవుతాడు, పొట్టి అప్పు సర్కస్‌లో పెరుగుతాడు. ఇద్దరూ కమల్ హాసనే. పగ తీర్చుకునేది అప్పు, పోలీసులు వెంటపడేది రాజాని! విషానికి పొట్టితనం వస్తుందా అని అడక్కండి, మసాలా సినిమా అది.

రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. కమల్ మొహం చూశారా, ఇంకేమీ కనపడదు. నేల చూడండి. కెమెరా ఎటువైపు ఉందన్నదే అసలు కిటుకు. ఎదురుగా ఉంటే కాళ్లు వెనక్కి మడిచి, మోకాళ్లకి ప్రత్యేకంగా చేయించిన బూట్లు తగిలించారు. పక్కనుంచి తీస్తే మడిచిన కాళ్లు దొరికిపోతాయి కదా, అందుకని మోకాళ్ల లోతు గొయ్యి తవ్వి అందులో నడిపించారు. అలాంటి షాట్ రాగానే ఆపి, పాదాల ముందు ఏం అడ్డముందో వెతకండి. కూర్చున్నప్పుడు కనిపించేవి పెట్టుడు కాళ్లు.

నమ్మకం కుదరకపోతే అద్దం ముందు మోకాళ్ల మీద నిలబడి చేతులు కిందికి వదిలెయ్యండి. వేళ్లు నేలకి జానెడు ఎత్తులోకి వచ్చేస్తాయి, చూడ్డానికి ఏదో తేడాగా ఉంటుంది. ఇప్పుడు అప్పు చేతులు ఎక్కడ పెట్టుకుంటున్నాడో గమనించండి. నా లెక్కలో సగం నటన అక్కడే ఉంది.

అప్పు ప్రేమించిన అమ్మాయి తన పెళ్లికి సాక్షి సంతకం పెట్టమని పిలిచే సీన్ దగ్గర మాత్రం సౌండ్ పెట్టుకోండి. అక్కడ కాళ్లు వెతికితే మీ ఖర్మ.

ఇక అన్నదమ్ములిద్దరూ ఒకే ఫ్రేములో ఉన్న చోట. కంప్యూటర్ లేని రోజుల్లో డబుల్ యాక్షన్ అంటే మామూలుగా ఫిల్ములో సగం మూసి ఒకసారి, వెనక్కి తిప్పి మిగతా సగం ఇంకోసారి తీసేవారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు బయటపడుతుంది. అందుకే మా కుర్రాళ్ల మొదటి పాఠం స్టాండు బిగించడం.