సొట్ట తీద్దామనుకుంటున్నారా? ముందు గోరు ఆనించి చూడండి

మార్చి దాటిందంటే తెలంగాణలో వడగళ్ల టెన్షన్ మొదలు. సాయంత్రం నాలుగింటికి మబ్బు పడుతుంది, టపటపా పావుగంట కొడుతుంది, వెలిసిపోతుంది. తీరా చూస్తే కారు బానెట్ నిండా, టాప్ నిండా సొట్టలు. ఆ రాత్రికే ఎవరో ఒకరు వీడియో పంపుతారు. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి ఐసు పెడితే సొట్ట టక్కున పైకి లేస్తుందట. నేనూ చేసి చూశాను. బానెట్ వేడెక్కింది, ఐసు కరిగింది, సొట్ట మాత్రం కదల్లేదు. డ్రయర్‌తో పోయేదేమీ లేదు కానీ, అది చాలడం లేదని హీట్ గన్ అందుకుంటేనే ప్రమాదం. ఒకేచోట నాలుగు క్షణాలు ఎక్కువ ఉంచితే పెయింట్ బుడగలు లేస్తుంది.

పెయింట్ వేయకుండా సొట్ట తీసే పని ఉన్నమాట నిజమే. పెయింట్‌లెస్ డెంట్ రిపేర్, పొట్టిగా పీడీఆర్ అంటారు. రేకు వెనక నుంచి ఉక్కు కడ్డీలతో కొద్దికొద్దిగా నెడతారు. వెనక్కి చెయ్యి పోని చోట పైన జిగురు బిళ్ల అతికించి లాగుతారు. అంతే, ఇందులో మంత్రమేమీ లేదు. కంపెనీలో వేసిన పెయింట్ పొరలన్నీ కలిపినా మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ పొర రేకుతో పాటు వంగి, మళ్లీ రేకుతో పాటే లేవగలదు కాబట్టే ఈ పని సాధ్యమవుతోంది. పొర పగిలిందంటే పీడీఆర్‌తో పని పూర్తి కాదు, రంగు వేయాల్సిందే.

అందుకే మొదటి పరీక్ష గోటితో. సొట్ట కడిగి, తుడిచి, గోరు మెల్లగా అడ్డంగా జరపండి. ఎక్కడైనా తట్టుకుంటే పెయింట్ పగిలినట్టే. తరవాత రాత్రిపూట ట్యూబ్‌లైట్ కిందకి తెచ్చి, రేకు మీద ఆ లైటు గీత ఎలా పడుతోందో చూడండి. గీత మెత్తగా గిన్నెలా వంగితే ఆశ ఉంది. ‘వి’ ఆకారంలో విరిగితే రేకు మడత పడింది, అది ఇంట్లో తేలే పని కాదు. డోర్ పక్కన పొడుగ్గా వచ్చే బాడీ లైన్ మీద పడిన సొట్టా, అంచుల మీది సొట్టా కూడా ఇదే కోవలోవి.

మూడో పరీక్ష పెయింట్ మందం కొలిపించడం. అది నేను చేయలేదు, దానికి శాస్తి కూడా అయింది. నాది సెకండ్ హ్యాండ్ కారు. ఎడమ ఫెండర్ మీద రూపాయి బిళ్లంత సొట్ట. ఆన్‌లైన్‌లో జిగురు కిట్ తెప్పించి, బిళ్ల అతికించి, మీట తిప్పాను. ‘చిర్’ మని శబ్దం వచ్చింది. బిళ్లతో పాటు అరచేతిలో సగమంత పెయింట్ రేకులా ఊడొచ్చింది, దాని కింద పసుప్పచ్చగా లప్పం. ఎప్పుడో ఎవరో టింకరింగ్ చేయించి రంగు వేయించారన్నమాట. పైన వేసిన రంగు కంపెనీ రంగంత గట్టిగా పట్టుకోదు. కాబట్టి కారు మీ చేతికి రాకముందు ఏం జరిగిందో తెలియకపోతే, గ్యారేజీలో పెయింట్ మందం మీటర్ పెట్టించండి. మిగతా చోట్ల 120 మైక్రాన్లు చూపించి ఒక్క ఫెండర్ మీద 300 దాటితే అక్కడ జిగురు పెట్టకండి.

ఇవన్నీ దాటి ఇంట్లోనే చేస్తామంటే, నీడలో చేయండి. మే నెల ఎండలో నిలబెట్టిన రేకు మీద చెయ్యి పెట్టలేం, అలాంటి వేడికి జిగురు మెత్తబడి జారిపోతుంది. పాలిష్, వ్యాక్స్ ఉన్నా పట్టదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. థిన్నర్, పెట్రోల్ దగ్గరికి రానీయకండి. లాగడం మాత్రం తొందరపడకుండా, ఒక్కో లాగుడుకీ వెంట్రుక వాసి లేస్తే చాలు. సొట్ట చుట్టూ కంటికి కనపడని ఉబ్బు ఒకటి ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ మొనతో మెల్లగా తట్టి దించుతూ మధ్యలో లాగాలి. చాలామంది ఇదే మరిచిపోయి మధ్యలోనే గట్టిగా లాగుతారు. గుంట పోయి బొడిపె వస్తుంది, సాగిన రేకును మళ్లీ అణచడం గుంట తీయడం కంటే కష్టం. బిళ్ల ఊడదీసేటప్పుడు కూడా అదే ఆల్కహాల్ నాలుగు చుక్కలు అంచుల్లో వేసి నాననివ్వాలి, చేత్తో పీకకూడదు.

వెనక నుంచి నెట్టే పని మాత్రం మనలాంటి వాళ్లు మొదలుపెట్టకపోవడమే మంచిది. డోర్ లోపల అద్దం, వైర్లు, గుద్దుకుంటే కాపాడే ఇనుప దూలం ఉంటాయి. చాలా కార్లలో టాప్ అంచుల వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటాయి, లోపలి సీలింగ్ గుడ్డ దించి అక్కడ కడ్డీ పెట్టడం తెలిసినవాడి పని.

బంపర్ సంగతి వేరు, అది ప్లాస్టిక్. లోపలికి పోయిన బంపర్ మీద బాగా వేడినీళ్లు పోసి వెనక నుంచి నెడితే తరచూ లేచొస్తుంది. చలి ఉదయాల్లో మాత్రం వేడి చేయకుండా నెట్టకండి, పగులుతుంది. పార్కింగ్ సెన్సర్లున్న చోట నెట్టకండి. చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకోండి.

గ్యారేజీకి ఇస్తే అడగాల్సిన మాట ఒకటే: “అన్నా, ఎక్కడైనా డ్రిల్ వేస్తావా?” లోపలికి దారి లేదని రంధ్రం చేసి రబ్బరు బిరడా పెట్టేవాళ్లు ఉన్నారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఆ రంధ్రం నుంచే తుప్పు మొదలవుతుంది. రంధ్రం లేకుండా కుదరదంటే సొట్టతోనే తిరగండి. బండి తీసుకునేటప్పుడు డోర్ అద్దం నాలుగుసార్లు ఎక్కించి దించి చూడండి, లాక్ వేసి తీయండి. గ్యారేజీ లైట్లలో నున్నగా కనిపించిన డోర్ మర్నాడు ఉదయపు ఏటవాలు ఎండలో అలలు అలలుగా కనిపించొచ్చు, కాబట్టి వీలైతే పగటిపూటే తెచ్చుకోండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఒక్క సొట్టకి క్లెయిమ్ వేయబోయే ముందు లెక్క వేసుకోండి. క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి ఓన్ డ్యామేజీ (మన కారుకి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 20 నుంచి 50 శాతం దాకా తగ్గింపుగా వచ్చే నో క్లెయిమ్ బోనస్, మామూలు పాలసీలో ఒక్క క్లెయిమ్‌తో పోతుంది. పైగా 1500 సీసీ లోపు కారుకి మొదటి 1000 రూపాయలు, ఆపై కార్లకి 2000 మనమే పెట్టుకోవాలి. వడగళ్లకు బానెట్, టాప్, డిక్కీ కలిపి ముప్పై సొట్టలు పడితే క్లెయిమే మేలు, అయితే పాలసీలో ఓన్ డ్యామేజీ ఉండాలి, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. అలాంటప్పుడు ముందు ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, వాళ్లు పంపే సర్వేయర్ చూసేదాకా ఒక్క సొట్ట మీద కూడా చెయ్యి వేయకండి.

వడగళ్లు పడుతుండగా మాత్రం బొంత పట్టుకుని కారు దగ్గరికి పరిగెత్తకండి. బొంత కప్పాలంటే మబ్బు పట్టినప్పుడే కప్పి తాడుతో కట్టేయాలి.