పని ఎక్కడ ఇరుక్కుంది? లక్షణాన్ని బట్టి బాటిల్‌నెక్ పట్టుకోవడం

"అందరూ కష్టపడుతున్నారు, అయినా పని కదలడం లేదు." ఈ మాట కర్నూలులో టిఫిన్ సెంటర్ ఓనరూ అంటాడు, అనంతపురంలో ఆడిటర్ ఆఫీసు నడిపే ఆయనా అంటాడు. అని ఊరుకోరు, ఇంకో మనిషిని పెడతారు. జీతం పెరుగుతుంది, పని మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది. ఎందుకంటే ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే ఏ పనిలోనైనా మొత్తం వేగం అన్నిటికంటే నెమ్మదిగా నడిచే ఆ ఒక్క దశ చేతిలోనే ఉంటుంది. బాటిల్‌నెక్ అంటే అదే. దాన్ని వదిలేసి మిగతా దశల్ని ఎంత బాగుచేసినా బయటికొచ్చే పని పెరగదు, మధ్యలో కుప్ప పెరుగుతుంది. మీ దగ్గర ఏ లక్షణం ఉందో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

లక్షణం: ఆలస్యం అవుతోంది, ఎక్కడో తెలియడం లేదు

ఎవరినీ అడగొద్దు. అడిగితే ప్రతి ఒక్కరూ పక్క టేబుల్ వైపు చూపిస్తారు. లేచి ఒకసారి పని నడిచే దారంతా నడవండి. ఏ దశకు ముందు కుప్ప ఉందో, దాని తర్వాత వాళ్లు ఖాళీగా ఎదురుచూస్తున్నారో, ఇరుకు అక్కడే. కుప్ప ఒక్కటే చూస్తే మోసపోవచ్చు, దాని అవతల ఖాళీ చేతులు కూడా కనిపించాలి. కంప్యూటర్‌లో నడిచే పనికి కుప్ప కంటికి కనబడదు కాబట్టి ఒక వారం పాటు ప్రతి ఫైలుకూ ఏ దశలోకి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది అని రెండు తేదీలు రాయించండి. అసలు పని పది నిమిషాలదే, కాగితం ఆగింది నాలుగు రోజులు అనే సంగతి అక్కడ తేలుతుంది.

దీనికి తోడు ఒక చిన్న లెక్క ఉంది, 1961లో జాన్ లిటిల్ అనే ఆయన నిరూపించాడు. చేతిలో ఉన్న మొత్తం పనుల్ని రోజుకు పూర్తయ్యే పనులతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే రోజులు వస్తాయి. 120 ఫైళ్లు పెండింగ్, రోజుకు 10 పూర్తవుతున్నాయి అంటే కొత్తగా వచ్చిన ఫైలుకు సుమారు 12 రోజులు. "రేపు రాండి" అని చెప్పే బదులు ఈ లెక్క చూసి చెబితే గొడవలు సగం తగ్గుతాయి.

లక్షణం: మనుషుల్ని పెంచినా కస్టమర్లకు ఎదురుచూపు తగ్గలేదు

పొద్దున ఎనిమిదికి టిఫిన్ సెంటర్ చూడండి. టోకెన్ ఇచ్చేవాడు చకచకా ఇస్తుంటాడు, సర్వర్లు ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉంటారు, "సామీ, నా దోశ యాడికొచ్చింది?" అని లోపల నుంచి కేకలు. పెనం మీద ఒకేసారి నాలుగు కారం దోశలు పడతాయి, విడతకు నాలుగు నిమిషాలు అనుకుందాం. గంటకు 15 విడతలు, 60 దోశలు. ఆ గంటలో 80 ఆర్డర్లు వస్తే సర్వర్లు ఇద్దరున్నా ఆరుగురున్నా బయటికొచ్చేది 60 మాత్రమే, మిగతా 20 తర్వాతి గంట మీద పడతాయి. టోకెన్ కౌంటర్ ఇంకా వేగంగా నడిపితే జరిగేదల్లా, రోడ్డు మీద ఉన్న క్యూ హోటల్ లోపలికి రావడం.

ఇక్కడ అందరికీ తట్టేది రెండో పెనం. తప్పు కాదు గానీ అది చివర్లో చేయాల్సిన పని. ముందు ఉన్న పెనం ఎంతసేపు ఖాళీగా ఉంటోందో చూడండి. మాస్టర్ పిండి గిన్నె కోసం లోపలికెళ్తాడు, పార్సిల్ కట్టిస్తాడు, ఎవరో చిల్లర అడిగితే చూస్తాడు. పెనం వదిలి ఐదు నిమిషాలు పోతే ఐదు దోశలు పోయినట్టే, ఆ పూట అవి మళ్లీ రావు. పిండి, ఎర్రకారం, పప్పులపొడి, నూనె అన్నీ చెయ్యి చాచితే అందాలి, అవి అయిపోకముందే తెచ్చిపెట్టే బాధ్యత ఒక సర్వర్‌కు అప్పజెప్పాలి. ఖాళీగా నిలబడిన ఆ సర్వర్‌కు మీరు ఎలాగూ జీతం ఇస్తున్నారు కదా.

తర్వాత పెనం మీద బరువు తగ్గించాలి. ఉగ్గాని, బజ్జీ పెనం అడగవు, ఉగ్గాని ఒకేసారి పెద్ద గిన్నెలో కలిపి పెట్టుకోవచ్చు. రద్దీ గంటలో "ఉగ్గాని వేడిగా ఉంది అన్నా, దోశకు పదిహేను నిమిషాలు పడుతుంది" అని కౌంటర్ దగ్గరే చెప్పేస్తే తొందరలో ఉన్నవాళ్లు తమంతట తామే అటు మళ్లుతారు. ఇదంతా చేసినా దోశలు చాలకపోతే అప్పుడు రెండో పెనం కొనండి. కొన్నాక గిన్నెలు కడిగే చోట కుప్ప పడుతుంది, అది చూసి కంగారు పడకండి, ఇరుకు అక్కడికి జరిగిందంతే.

లక్షణం: ఖరీదైన మిషన్ ఉంది, ఉత్పత్తి మాత్రం లేదు

ఎర్రగుంట్ల వైపు కడప బండలు పాలిష్ చేసే యూనిట్‌ను ఊహించుకోండి. కటింగ్ అయిన బండలు పాలిష్ మిషన్ ముందు గుట్టగా ఉన్నాయంటే ఇరుకు పాలిషింగే. అయినా మధ్యాహ్నం ఒంటిగంటకు అందరితో పాటు ఆ మిషన్ కూడా భోజనానికి ఆగుతుంది! కటింగ్ మిషన్ గంట ఆగితే నష్టం లేదు, పాలిష్ మిషన్ ముందు ఎలాగూ గుట్ట ఉంది. పాలిష్ మిషన్ ఆగిన గంట మాత్రం మొత్తం యూనిట్ ఆగిన గంట. భోజనం వంతులవారీగా పెట్టండి, పాలిష్ రాళ్లు మార్చడం, నూనె వేయడం లాంటివి షిఫ్ట్ మొదలుకాకముందే ముగించండి.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. పగులు ఉన్న బండను పాలిష్ అయ్యాక పక్కన పడేస్తారు. ఆ పగులును పాలిష్‌కు ముందే పట్టుకుంటే ఆ సమయం మంచి బండకు దక్కేది. తనిఖీ ఎప్పుడూ ఇరుకుకు ముందే ఉండాలి, తర్వాత కాదు.

లక్షణం: నెలంతా మామూలుగా ఉండి, గడువు దగ్గర పడగానే రాత్రులు ఆఫీసులోనే

ఆడిటర్ ఆఫీసుల్లో ఇది నిత్యం చూసేదే. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు తర్వాతి నెల 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క)కి 20వ తేదీ. బిల్లులన్నీ గడువుకు రెండు మూడు రోజుల ముందు సంచిలో వేసుకుని వస్తారు. ఎంట్రీ చేసే పిల్లలు ముగ్గురున్నా, సరిచూసి ఓకే చెప్పే సీనియర్ ఒక్కరే. ఆమె టేబుల్ మీద కుప్ప. ఆమె సమయంలో సగం, జీఎస్టీ నంబరు లేని బిల్లు, కనబడని పేజీ, ఫోన్ చేసి కనుక్కోవాల్సిన మొత్తం లాంటి వాటికే పోతుంది.

ఆ ఫోన్లు ఆమె చేయకూడదు. పది అంశాల చెక్‌లిస్ట్ ఒకటి తయారుచేసి, అన్నీ సరిగ్గా ఉంటేనే ఫైలు ఆమె టేబుల్‌కు వెళ్లాలని నియమం పెట్టండి. సగం ఫైలు లోపలికి రానే కూడదు. పెద్ద క్లయింట్ల నుంచి బిల్లులు వారానికోసారి తెప్పించుకోండి, మొదట్లో గొణుగుతారు, రెండు మూడు నెలలకు అలవాటు పడతారు. పడనివాళ్లను చివర్లో చూస్తామని ముందే చెప్పేయండి, మొహమాటం వద్దు.

లక్షణం: ఆ ఒక్క మనిషికి క్షణం తీరిక లేదు, ఆయన దగ్గరే అన్నీ ఆగుతున్నాయి

మన ఆఫీసుల్లో ఆయన్ని తిట్టడమో మెచ్చుకోవడమో చేస్తారు, లెక్క మాత్రం చూడరు. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కోదానికి పట్టే సమయం కూడా మారుతూ ఉండే చోట, క్యూల లెక్క ఇలా ఉంటుంది: మనిషి తన సమయంలో 50 శాతం పనిలో ఉంటే ఆయన దగ్గర సగటున ఒక పని ఉంటుంది. 80 శాతమైతే నాలుగు. 90 అయితే తొమ్మిది, 95 అయితే పంతొమ్మిది. అంటే ఆయన బద్ధకం వల్ల కుప్ప పడలేదు, ఊపిరి తీసుకునే సందు లేకపోవడం వల్ల పడింది. తిప్పి చూస్తే శుభవార్త కూడా ఇదే. 95 నుంచి 90కి దించితే చాలు, కుప్ప సగానికి పైగా తగ్గుతుంది. ఆయన చేసే పనుల్లో ఎవరైనా చేయగలిగినవి రెండు తీసేయండి. సంతకం కావాల్సిన మొత్తానికి ఒక హద్దు పెట్టి, దానికి లోపువి కింది వాళ్లకే వదిలేయండి. "అర్జెంట్ సార్" అంటూ మధ్యలో దూరే ఫైళ్లను ఆపండి, ఒక్కోటీ వెనకున్న అన్నిటినీ ఆలస్యం చేస్తుంది.

లక్షణం: ఎవరూ బిజీగా లేరు, అయినా పని నడవదు

మనుషుల్లో ఏ లోపమూ ఉండదు, ఏదో ఒక రూలు అడ్డం ఉంటుంది. చెక్కులు శుక్రవారమే రాస్తాం, స్టాక్ లెక్క పెద్దాయన చూశాకే పంపుతాం లాంటివి. ఎప్పుడు, ఎందుకు వచ్చిందో ఎవరికీ గుర్తులేని రూలును నెల రోజులు పక్కన పెట్టి చూడండి. దీనికి రూపాయి ఖర్చు లేదు, అందుకే ముందు ఇది వెతకమంటాను.

లక్షణం: ఇరుకును వెడల్పు చేశాం, ఫలితం సగం కూడా రాలేదు

సీమలో దీన్ని వివరించడానికి పోతిరెడ్డిపాడు చాలు. శ్రీశైలం జలాశయం నుంచి కాలువలోకి నీళ్లు వదిలే అక్కడి హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యాన్ని 11,500 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచారు. కానీ శ్రీశైలంలో మట్టం 854 అడుగులకు దగ్గరపడే కొద్దీ గేట్లు ఎంత పెద్దవైనా కాలువలోకి వచ్చేది చాలా తక్కువ. మట్టం నిండుగా ఉన్నప్పుడు కూడా కింద బనకచర్ల నుంచి చీలే కాలువలు మోయగలిగినంతే ముందుకు పోతుంది. మీ పనిలోనూ అంతే. ఒక చోట పెంచే ముందు పైనుంచి అంత పని వస్తుందా, కింద అంత తీసుకోగలరా అని రెండు వైపులా చూసుకోండి. మార్కెటింగ్‌కు డబ్బు పోసి, డెలివరీకి ఒకే బండి పెట్టుకున్న షాపులు మన ఊళ్లలో తక్కువేమీ లేవు.

లక్షణం: ఇంట్లో నీళ్లు వచ్చే గంట చాలడం లేదు

ఆ గంటలో బట్టలు ఉతకడం, గిన్నెలు కడగడం పెట్టుకోవద్దు. పట్టడం ఒక్కటే పని. సంపు ఉంటే అది నిండనివ్వండి, మోటర్ వేసి పై ట్యాంకుకు ఎక్కించడం తర్వాతైనా చేసుకోవచ్చు. సన్నటి పైపు ఉంటే అది మార్చండి.

ఇరుకును కదిలించకూడని చోటు

కొన్నిసార్లు బాటిల్‌నెక్‌ను అలాగే ఉంచడమే నయం. క్లినిక్‌లో డాక్టరు సమయమే ఇరుకు కావాలి, రిసెప్షన్ కాదు, బీపీ చూసే నర్సు కాదు. అన్నిటికంటే ఖరీదైన, సులభంగా పెంచలేని వనరు ఎక్కడుందో అక్కడే ఇరుకు ఉండేలా మిగతా దశలన్నిటికీ కాస్త మిగులు సామర్థ్యం పెట్టుకోండి. అప్పుడు రిసెప్షన్‌లో అమ్మాయి మధ్యమధ్యలో ఖాళీగా కూర్చుని కనిపిస్తుంది. కనిపించనివ్వండి, ఆమెకు ఇంకో పని వెతికి అంటగట్టకండి.