టైమ్ సర్వర్ క్వెరీలు ఎక్కువయ్యాయని నోటీసు వచ్చిందా? బ్లాక్ తీయించుకునే దరఖాస్తు విధానం

మీ కనెక్షన్ నుంచి టైమ్ సర్వర్లకు (పరికరాలు సరైన సమయం అడిగి తెలుసుకునే కంప్యూటర్లకు) లెక్కకు మించి క్వెరీలు వెళ్తున్నాయని ఇంటర్నెట్ కంపెనీ మెయిల్ పంపి, ఆ క్వెరీలు వెళ్లే దారి అయిన యూడీపీ 123 పోర్ట్ ఆపేస్తే కంగారుపడి కొత్త రౌటర్ కొనకండి. "రౌటర్ మార్చేద్దాం", "పాస్‌వర్డ్ చెప్పండి, మేం చూసుకుంటాం" అనేవాళ్లు సరిగ్గా ఇలాంటప్పుడే దగ్గరవుతారు. అడుగుతున్న పరికరం ఇంట్లోనే ఉన్నంతకాలం కొత్త రౌటర్ వెనకా అదే పని చేస్తుంది.

దరఖాస్తు పెద్దదేం కాదు. నోటీసు మెయిల్‌కే జవాబుగా, రెఫరెన్స్ నంబర్ తీసేయకుండా, ఏ పరికరం వల్ల జరిగిందో, ఏం సరిచేశారో రాయాలి. దానికి ప్యాకెట్ లాగ్, అంటే ఏ పరికరం ఎప్పుడు ఏం పంపిందో చూపే రికార్డు, జతచేయాలి.

చాలామంది ఆగిపోయేది ఈ లాగ్ దగ్గరే. మా బంధువొకాయన లాప్‌టాప్‌లో వైర్‌షార్క్ (ఇలాంటి లాగ్ తీసే ప్రోగ్రామ్) రాత్రంతా నడిపి పంపితే దరఖాస్తు తిరిగొచ్చింది. చూస్తే అందులో ఉన్నవన్నీ ఆ లాప్‌టాప్ అడిగినవే. ఇంట్లో ఒక పరికరం రౌటర్‌కు పంపేది మామూలుగా పక్క పరికరానికి కనిపించదు. కంపెనీకీ కనిపించదు, నాట్ (ఇంట్లోని పరికరాలన్నిటినీ రౌటర్ ఒకే అడ్రస్ వెనక పెట్టడం) వల్ల ఇల్లంతా వాళ్లకు ఒకే ఐపీ అడ్రస్. అందుకే లాగ్ రౌటర్ మీదే, లాన్ వైపు, అంటే ఇంటి లోపలి నెట్‌వర్క్ వైపు తీయాలి. సెట్టింగుల్లో ప్యాకెట్ క్యాప్చర్ ఉంటే అది చాలు, రౌటర్లో ఉన్నది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ అయితే టీసీపీడంప్ అనే ప్రోగ్రామ్ వాడండి. 123 పోర్ట్‌కు ఫిల్టర్ పెట్టడం మరవద్దు. లేదంటే ఇంట్లోవాళ్లు ఏ సైట్లు చూశారో కూడా లాగ్‌తో పాటు బయటికి వెళ్తుంది.

ఐదు నిమిషాల లాగ్ పనికిరాదు. సరిగా నడిచే ఎన్‌టీపీ క్లయింట్ (పరికరంలో ఉండి సమయం అడిగే ప్రోగ్రామ్) సాధారణంగా 64 సెకన్లకోసారి మొదలుపెట్టి, కుదురుకున్నాక 1024 సెకన్లకోసారి, అంటే 17 నిమిషాలకోసారి అడుగుతుంది. కనీసం గంట తీస్తేనే తేడా తెలుస్తుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే మాత్రం తీయొద్దు. ఆన్ కాగానే చాలా పరికరాలు గబగబా అడుగుతాయి, ఏ తప్పూ లేనిదాని మీద అనుమానం పడుతుంది. నోటీసులోని సమయం యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో) ఉందేమో కూడా చూసుకోండి.

మా బంధువు ఇంట్లో రౌటర్ మీద లాగ్ తీస్తే దొరికింది ఒక కెమెరా. సెకనుకోసారి అదే 48 బైట్ల ప్రశ్న. పోర్ట్ ఆపేశారు కాబట్టి ఎవరికీ జవాబు రావడం లేదు. మిగతావి ఆగి ఆగి అడుగుతుంటే, ఇది మాత్రం ఆగడం లేదు. 2003లో విస్కాన్సిన్ యూనివర్సిటీ టైమ్ సర్వర్‌ను నెట్‌గేర్ రౌటర్లు ముంచెత్తిందీ ఇలాగే, జవాబు వచ్చేదాకా సెకనుకోసారి అడిగి. రౌటర్లో టైమ్ సర్వర్ ఆన్ చేసి, లాన్ నుంచి 123 పోర్ట్‌కు వెళ్లేదంతా దానికే మళ్లించాం. కెమెరా ప్రశ్నలు గడప దాటడం మానేశాయి.

లాగ్‌లో మీ ఇంటి అడ్రస్ నుంచి బయటికి వెళ్లే వరసల్లో 'క్లయింట్' (అడిగేది) బదులు 'సర్వర్' (జవాబిచ్చేది) అని ఉంటే సంగతి వేరు. మీ పరికరమే బయటివాళ్లకు జవాబులిస్తోంది. బయటి నుంచి లోపలికి తెరిచి ఉన్న 123 పోర్ట్‌ను మూసేయండి.

సరిచేశాక ఇంకో గంట లాగ్ తీయండి, ఈసారి వాన్ వైపు, అంటే రౌటర్ నుంచి ఇంటర్నెట్‌కు వెళ్లే వైపు. మొదటిది ఏ పరికరమో చూపిస్తుంది, రెండోది అది ఆగిందని చూపిస్తుంది. ఆయన రెండూ జతచేసి అదే మెయిల్‌కు జవాబిచ్చాక బ్లాక్ తీసేశారు.