లైప్‌జిగ్‌లో ఇల్లు ఖాయం చేసుకునే ముందు

జర్మనీలో మ్యూనిక్ అద్దెలు చూసి భయపడి లైప్‌జిగ్ వైపు చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ పంపే ముందే ఇంటి ఓనర్‌ని ఒక్క మాట అడగండి, అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి కావాల్సిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ కాగితం (మీరు ఆ ఇంట్లో దిగారని ఓనర్ ఇచ్చే ధ్రువీకరణ) సంతకం పెట్టి ఇస్తారా అని. ఇంట్లో దిగిన 2 వారాల్లో రిజిస్టర్ చేయించుకోవాలి, అది అయితేనే ట్యాక్స్ నంబర్ పోస్టులో వస్తుంది. ఇవ్వను అంటే ఎంత చవకైనా వదిలేయండి, అలాంటి ఇల్లు మనకొద్దు. డిపాజిట్ అనేది హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని 3 నెలల అద్దెకి మించకూడదు, దాన్ని కూడా 3 నెలవారీ వాయిదాల్లో కట్టొచ్చు, చట్టంలోనే ఉంది. ఇంకోటి, ఫొటోల్లో వంటగది సరిగ్గా చూడండి. చాలా ఇళ్లలో స్టవ్, సింకు కూడా ఉండవు, గోడలోంచి పైపులు మాత్రం కనిపిస్తాయి. ఖాళీ చేస్తున్నవాళ్లు తమ కిచెన్ అమ్ముతారేమో అప్పుడే అడిగేయండి.