సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూ: ఎక్కడ ఆగిపోతున్నారు, ఎలా సరిచేసుకోవాలి

భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు పనులు మొదలైన దగ్గర నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంజనీర్లు నన్ను తరచూ ఒకే మాట అడుగుతున్నారు. "పదిహేనేళ్లు సైట్లో పని చేశాను. ఇంటర్వ్యూలో మాత్రం రెండో రౌండు దాటడం లేదు. ఎందుకంటారు?"

నేను చాలా ఏళ్లు ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు కూర్చున్నాను. పని రాక తప్పిపోయినవారిని తక్కువ చూశాను. చేసిన పనిలో తమ నిర్ణయం ఏదో చెప్పలేక తప్పిపోయినవారే ఎక్కువ. సీనియర్ ఉద్యోగానికి పిలిచినవారు మీకు కాంక్రీటు వేయించడం వచ్చా అని చూడరు. రెండు దారులూ కష్టమైనవే అయినప్పుడు మీరు ఏది ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు అన్నదే చూస్తారు. కింద చెప్పిన చిక్కులన్నీ దాదాపు అక్కడి నుంచే పుడతాయి.

సమస్య: బాగానే మాట్లాడాననిపిస్తుంది, తర్వాత పిలుపు రాదు

కారణం: "మేము". మేము పియర్లు (వంతెన స్తంభాలు) పూర్తి చేశాం, మేము షెడ్యూలు మార్చాం, మేము క్లయింటును ఒప్పించాం. మన ఇళ్లలో "నేను, నేను" అంటే గొప్పలు చెప్పుకుంటున్నాడంటారు. ఆ సంస్కారం నాకు ఇష్టమే. కానీ అవతల కూర్చున్నవారికి ఆ "మేము"లో మీరు ఎక్కడున్నారో కనిపించదు.

పరిష్కారం: మీ పాత సైటు డైరీలు తీయండి. రాజాంలో ఉండే మా మేనల్లుడు వంతెనల పనిలో పన్నెండేళ్లు చేశాడు, రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాడు. డైరీలు పట్టుకుని కంటోన్మెంటులోని మా ఇంటికి రమ్మన్నాను. వరండాలో నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. ఒక పేజీలో సిమెంటు మరక పక్కన పెన్సిలుతో రాసి ఉంది: "క్రేన్ రేపు రాదు. గర్డర్లు ఆపి అప్రోచ్ మట్టి పని ముందుకు." అంటే వంతెన దూలాలు ఎత్తే పని ఆపి, వంతెనకు చేరే రోడ్డు మట్టి పని ముందు చేయమని.

"ఇది ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"నేనే, మామయ్యా."

"క్రేను ఎన్ని రోజులు రాలేదు?"

"పదకొండు రోజులు. మొత్తం పనికి పోయింది మాత్రం నాలుగే."

పన్నెండేళ్లలో ఈ మాట అతను ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు! ఇలాంటివి అయిదారు వెతికి పెట్టుకోండి. అప్పటి పరిస్థితి, ముందున్న దారులు, మీరు ఎంచుకున్నది, దానివల్ల వదులుకున్నది, చివరికి తేలిన ఫలితం. ఒక్కొక్కటి రెండు నిమిషాలు దాటకూడదు. వదులుకున్నది చెప్పడం మరిచిపోవద్దు. ఏమీ పోకుండా అన్నీ కలిసొచ్చాయంటే ఎవరూ నమ్మరు. ఇతరుల పాలు ఇతరులకే ఇవ్వండి: "నేల మెత్తగా ఉందని మా సర్వేయరు చెప్పాడు. పని ఆపమన్నది నేను." ఇందులో గొప్పలేమీ లేవు.

సమస్య: "ఆలస్యమైన ప్రాజెక్టు గురించి చెప్పండి" అనగానే గొంతు తడబడుతుంది

కారణం: తప్పు మన మీదికి వస్తుందనే భయంతో కాంట్రాక్టరునో, వాననో, డ్రాయింగులు ఇవ్వని కన్సల్టెంటునో ముందుకు తోస్తాం. మన ప్రాంతం వారి నోట మొదట వచ్చేది తుఫాను.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఫైలిన్ తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న. పలాస వైపు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన ఆ రోజులు మనం మరిచిపోలేం. ఆ తేదీలు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవారికీ తెలుసు. కాబట్టి వెంటనే వచ్చే ప్రశ్న ఇది: "అక్టోబరులో తుఫాను రావచ్చని తెలిసి, మీ రిస్క్ రిజిస్టరులో (రాగల ముప్పులు, వాటికి ఏర్పాట్లు రాసుకునే పట్టికలో) ఏం రాశారు?"

పరిష్కారం: తుఫానును సాకుగా చెప్పకండి, మీరు దానికి ఎలా సిద్ధపడ్డారో చెప్పండి. నదిలో పునాది పనిని ఏ నెలకల్లా నీటిమట్టం పైకి తెచ్చారు? సిమెంటు, డీజిలు ఎక్కడ దాచారు? క్రేను బూమ్ ఎప్పుడు దించారు? గడువు పెంపు కోసం నోటీసు ఎన్ని రోజుల్లో ఇచ్చారు? ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలామంది దొరికిపోతారు. నిర్మాణ పనులకు అంతర్జాతీయంగా వాడే నమూనా కాంట్రాక్టు ఫిడిక్ 1999 రెడ్ బుక్ ప్రకారం గడువు పెంపు కోరేవారు, కారణం తెలిసిన నాటి నుంచి 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. మీ కాంట్రాక్టులో గడువు వేరుగా ఉండవచ్చు. అది ఎంతో ఇంటర్వ్యూకు ముందే చూసుకుని వెళ్లండి. నోటీసు ఆలస్యంగా ఇచ్చి ఉంటే ఆ మాటా చెప్పండి, తర్వాతి ప్రాజెక్టులో ఏం మార్చారో కూడా చెప్పండి. పొరపాటు ఒప్పుకున్న మనిషికి నేను ఎప్పుడూ ఎక్కువ మార్కులే వేశాను.

సమస్య: లెక్కలు సరిగ్గా చెప్పినా ఎదుటివారి ముఖం మారదు

కారణం: సూత్రం దగ్గరే ఆగిపోవడం. పది కోట్ల పని అనుకుందాం. ఈ రోజుకు ఆరు కోట్ల పని అయి ఉండాలి, 4.8 కోట్ల పని అయింది, ఖర్చు 5.2 కోట్లు. ఎస్‌పీఐ (అయిన పనిని, ఈ రోజుకు అయి ఉండాల్సిన పనితో భాగిస్తే వచ్చేది) 0.8, సీపీఐ (అయిన పనిని ఖర్చుతో భాగిస్తే వచ్చేది) దాదాపు 0.92. ఇదే తీరున సాగితే పూర్తయ్యేసరికి ఖర్చు సుమారు 10.83 కోట్లు. ఇంతవరకు పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పరీక్షకు చదివిన ఎవరైనా చెబుతారు.

పరిష్కారం: అంకె చెప్పాక అది ఏం దాస్తోందో చెప్పండి. ప్రాజెక్టు ఎంత ఆలస్యమైనా, పని మొత్తం పూర్తయ్యాక ఎస్‌పీఐ ఒకటికే చేరుతుంది. అందుకే చివరి నెలల్లో దాన్ని నమ్ముకోకూడదు, ఏ పనులు ఆలస్యమైతే మొత్తం గడువే జరుగుతుందో ఆ పనుల వరుస అయిన క్రిటికల్ పాత్‌లో మిగిలిన రోజులు చూడాలి. అలాగే వెనకబడిన పని క్రిటికల్ పాత్‌లో లేకపోతే, 0.8 చూసి కంగారుపడి అదనపు కూలీలను దించడం డబ్బు దండగ. "అందువల్ల నేను ఫలానా పని ఆపి, ఫలానా చోట మనుషులను పెంచాను" అన్న మాటతో జవాబు ముగియాలి.

సమస్య: ఇంగ్లీషులో మధ్యలో మాట ఆగిపోతుంది

కారణం చాలాసార్లు భాష కాదు. తెలుగులోనే విషయం తేటపడకుండా ఇంగ్లీషులో అల్లబోవడం. ముందు ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. సైటు తెలియని మీ అక్కకో తమ్ముడికో అర్థమైతే విషయం తేలినట్టే. తర్వాత అదే చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులో చెప్పండి. బట్టీ మాత్రం పట్టవద్దు, ఒక మాట జారితే మిగతాదంతా పోతుంది.

ఇంటర్వ్యూ వీడియోలో అయితే కరెంటు పోయినా నడిచే ఏర్పాటు, రెండో నెట్ కనెక్షను చూసుకోండి. హైదరాబాదులో అయితే ఒక రోజు ముందే చేరండి, రాత్రంతా రైల్లో కూర్చుని నేరుగా వెళ్లకండి. జీతం అడిగితే "మీ ఇష్టమండీ" అనవద్దు. ఇంత నుంచి ఇంత అని ముందే లెక్కవేసుకుని చెప్పండి.

సమస్య: "మీరేమైనా అడుగుతారా?" అంటే "ఏమీ లేదండీ" అని లేచి వస్తాం

కారణం మొహమాటం. ఉద్యోగం ఇచ్చేవారిని ప్రశ్నించడం మర్యాద కాదనుకుంటాం. కానీ రేపు ఆ పని భారం మోయాల్సినవారు ఇవాళ అడగకపోతే, పనిని మనసుకు పట్టించుకోలేదనే అనుకుంటారు.

పరిష్కారం: పనికి సంబంధించిన రెండు ప్రశ్నలు తీసుకెళ్లండి. మార్పులను ఎంత మొత్తం వరకు ప్రాజెక్ట్ మేనేజరే ఆమోదించవచ్చు? రోడ్డు, రైలు, కాలువ పనులైతే ఇప్పటికి ఎంత భూమి చేతికొచ్చింది?

మా మేనల్లుడు మూడో ఇంటర్వ్యూలో ఈ రెండో ప్రశ్నే అడిగాడు. బోర్డులోని పెద్దాయన లేచి గోడ మీది మ్యాపు దగ్గరకు వెళ్లి, ఏయే ఊళ్ల దగ్గర భూమి ఇంకా రాలేదో వేలితో చూపించారట. ఇతనూ లేచి ఆయన పక్కన నిలబడ్డాడు. తర్వాతి ఇరవై నిమిషాలూ ఇద్దరూ ఆ ఖాళీల మధ్య పని ఎటు నుంచి మొదలుపెట్టాలన్న దాని మీదే మాట్లాడుకున్నారు.