మనీ ప్లాంట్ ఆకులు పండిపోతున్నాయా? ముందు కుండీ ఎత్తి చూడండి

ఆగస్టులో ఒక పొద్దున పక్కింటి అక్క తన మనీ ప్లాంట్ కుండీతో మా గేటు దగ్గరికి వచ్చింది. "పాయె చెల్లె, ఇది బతికేటట్టు లేదు. రోజు చెంబెడు నీళ్లు పోస్తనే ఉన్న, అయినా ఆకులు పండిపోతున్నయి" అంది. కుండీ అందుకోగానే బరువుకు నా చెయ్యి కిందికి జారింది. లోపల మట్టి కన్నా నీళ్లే ఎక్కువ.

మన నల్లగొండలో ఏడాదికి రెండు వాతావరణాలు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ, పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఆవిరి. జులై నుంచి సెప్టెంబరు దాకా ముసురు పడితే దండెం మీద బట్టలు రెండు రోజులైనా ఆరవు. బట్టలు ఆరని ఇంట్లో కుండీ మట్టి మాత్రం ఎట్లా ఆరుతుంది? చెయ్యి మాత్రం మే నెల అలవాటును వదలదు. నేను చూసినంతలో ఎండకు చచ్చిన మనీ ప్లాంట్లు తక్కువ, వానాకాలంలో నీళ్లు తాగలేక చచ్చినవే ఎక్కువ.

ఈ తీగ సొంత ఊరు పసిఫిక్ సముద్రంలోని మొరేయా దీవి. తడి గాలి దానికి పుట్టింటి గాలే. చామగడ్డ కుటుంబమే అయినా చామలాగా బురదలో నిలబడలేదు. చెట్టు బెరడు పట్టుకుని పైకి పాకే రకం కాబట్టి వేర్లకు గాలి ఆడాలి.

కింది ఆకులు వరుసగా పసుపు, మట్టి ఇంకా తడి

నెలకో రెండు నెలలకో ఒక ముసలి ఆకు పండి రాలితే అది జబ్బు కాదు. వారంలో నాలుగైదు పండాయంటే వేర్లు కుళ్లుతున్నట్టే. మట్టి సందుల్లో నీళ్లు నిండితే వేరుకు గాలి అందదు. ఊపిరాడని వేరును బూజు జాతి తెగుళ్లు తేలిగ్గా పట్టేస్తాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి మట్టి తడిగా ఉన్నా ఆకు వాడిపోతుంది. అది చూసి మనం దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోస్తాం.

అక్క కుండీని పాత పేపరు మీద బోర్లించాం. మురుగు కాలువ వాసన. మంచి వేర్లు తెల్లగా, పట్టుకుంటే గట్టిగా ఉంటాయి. ఇవి నల్లగా ఉన్నాయి. రెండు వేళ్లతో లాగితే పై తొక్క ఊడివచ్చి లోపల దారంలాంటి నార మిగిలింది. అసలు తప్పు నీళ్లదొక్కటే కాదు. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన పింగాణీ కుండీ అది, అడుగున చిల్లు లేదు. అందంగా ఉంటుందని మొక్కను ప్లాస్టిక్ కుండీతో సహా అందులో దింపారు. అడుగున మూడు వేళ్ల లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి.

కత్తెరను స్పిరిట్‌తో తుడిచి మెత్తబడ్డ వేర్లన్నీ కత్తిరించాం. వేర్లు తగ్గాయి కాబట్టి తీగలను కూడా మూడో వంతు కోసేశాం. గంటసేపు నీడలో ఆరనిచ్చి, ముందుకన్నా చిన్న కుండీలో నాటాం. పెద్ద కుండీలో మట్టి ఎక్కువ, ఉన్న కాసిని వేర్లకు ఆ తడి మళ్లీ ఎక్కువవుతుంది.

మట్టి సంగతి. నల్లరేగడి ఈ మొక్కకు అసలు వద్దు. చెల్క మన్ను, అంటే మన ఎర్రమట్టి, మంచిదే, కానీ ఒక్కటే వేస్తే నాలుగు నెలలకు ఇటుకలా గట్టిపడుతుంది. నేను రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు పాత ఊక కలుపుతాను. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు కొదవ లేదు, ఊక దొరకకపోవడమనేది ఉండదు. వానకు నాని రంగు మారిన పాత ఊక అయితే మేలు.

నాటాక ఒకసారి నిండా నీళ్లు పోసి వదిలేయాలి. తర్వాత చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దింపి, పొడిగా తగిలితేనే పోయాలి. ఎండాకాలంలో రెండు మూడు రోజులకే అలా తగులుతుంది, ముసురులో పది రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. కొత్త ఆకు వచ్చేదాకా ఎరువు వేయొద్దు.

మట్టి దగ్గర కాండమే మెత్తబడితే వేర్లతో కుస్తీ పట్టడం దండగ. పైనున్న గట్టి తీగను కణుపుకు అర అంగుళం కింద కోసి నీళ్లలో పెట్టండి. కణుపు లేని ముక్క ఎన్ని రోజులున్నా కొత్త తీగ వేయదు, అది గుర్తుంచుకుంటే చాలు. దొంగిలించి తెచ్చిన కొమ్మే బాగా పెరుగుతుందని మన దగ్గర ఒక నమ్మకం. దొంగ కూడా కణుపు చూసుకునే కోయాలి.

ఆకు కొసలు ఎండి గోధుమరంగు

ఇక్కడ కారణాలు రెండు మూడున్నాయి. మట్టి ఎండి కుండీ అంచు నుంచి విడిపోయి ఉంటే నీళ్లు చాలలేదు. కూలర్ గాలో ఏసీ గాలో సూటిగా తగిలే ఆకులే మాడితే కుండీని పక్కకు జరపండి.

ఈ రెండూ కాకపోతే నీళ్లను అనుమానించాలి. ఇది నేను స్వయంగా చేసిన తప్పు. వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని, ఒక ఎండాకాలమంతా ఆ పైపును బకెట్‌లో పెట్టి మొక్కలకు పోశాను. పొదుపు చేస్తున్నానని కాస్త గర్వం కూడా. జూన్ వచ్చేసరికి మట్టి మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర, ఆకు కొసలన్నీ మాడి ఉన్నాయి. ఆర్వో ఫిల్టర్ మంచి నీళ్లను మనకిచ్చి, బోరు నీళ్లలోని లవణాలను మిగిలిన నీళ్లలోకి తోస్తుంది. అంటే బోరు నీళ్ల కన్నా చిక్కటి ఉప్పును మొక్కకు పోశానన్నమాట. ఆ నీళ్లు బండలు కడగడానికి, బాత్‌రూముకు వాడండి.

నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ మాట రాకుండా ఉండదు. దానికి ముందుగా దెబ్బతినేవి స్పైడర్ ప్లాంట్, డ్రసీనా. మనీ ప్లాంట్ పక్కన అవి ఉంటే వాటి కొసలు చూసి నీళ్ల గుణం తెలుసుకోవచ్చు. నీళ్లు కాచి చల్లార్చినా ఫ్లోరైడ్ పోదు. నల్లాకు వచ్చే కృష్ణా నీళ్లో, డాబా మీద పట్టిన వాన నీళ్లో పోయండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, గాలిలో తేమ ఉన్న రోజుల్లో బకెట్లకు బకెట్లే వస్తాయి.

పేరుకున్న ఉప్పు పోవాలంటే పైనున్న తెల్ల పొరను అర అంగుళం గీకేసి, కుండీని బయట పెట్టి మంచి నీళ్లు నెమ్మదిగా పోస్తూ ఉండాలి. కుండీలో పట్టేదానికి మూడింతలు కిందినుంచి కారిపోవాలి. ఈ పని ఎండ కాసే రోజు చేయండి, ముసురులో కాదు. మాడిన కొస మళ్లీ పచ్చబడదు, చూడబుద్ధి కాకపోతే కత్తిరించుకోండి.

పసుపు చారలు పోయి అంతా ఆకుపచ్చ, ఆకుకూ ఆకుకూ మధ్య జానెడు దూరం

వెలుతురు చాలడం లేదు. నీడలో బతుకుతుందని బాత్‌రూము మూలన పెడతాం. బతుకుతుంది, అంతే. తూర్పు కిటికీకి రెండు మూడడుగుల్లో పెట్టండి. మధ్యాహ్నం చేతి నీడ గోడ మీద లీలగా పడితే ఆ చోటు చాలు. నేరుగా ఎండ తగిలితే ఆకు మీద తెల్లటి కాలిన మచ్చలు వస్తాయి. బోసిపోయిన తీగ మధ్యలో కొత్త ఆకు రావడం అరుదు కాబట్టి దాన్ని కోసేయాలి. కింది కణుపు నుంచి చిగురు వస్తుంది, కోసిన ముక్కలు అదే కుండీలో గుచ్చితే గుబురవుతుంది.

ఆకు పెద్దది కావాలంటే వేలాడదీయకండి, పాకనివ్వండి. పెద్ద చెట్టుకు అల్లుకున్న మనీ ప్లాంట్ ఆకులు చాటంత ఉంటాయి, ఇంట్లోదీ అదే మొక్క. కొబ్బరి పీచు చుట్టిన కర్రకు కట్టి, పీచును తడుపుతూ ఉంటే గాలి వేర్లు పట్టుకుంటాయి.

కణుపుల్లో తెల్ల దూది, ఆకు జిగట

పిండినల్లి. పత్తి, బత్తాయి రైతులకు చెప్పనక్కర్లేదు. ఇయర్ బడ్‌ను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచేయండి. తర్వాత లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోపు కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టాలి. వారానికొకసారి, మూడు వారాలు. ఒక్కసారికే మానేస్తే గుడ్లలోంచి మళ్లీ వస్తాయి. చేనుకు కొట్టగా మిగిలిన మందు ఇంట్లో ఉంది కదా అని దాన్ని మాత్రం తీయకండి. పిల్లలు తిరిగే గదిలో అది మొక్కకన్నా మనకే ప్రమాదం.

మట్టి మీద సన్నటి నల్ల దోమలు లేస్తుంటే మందు అక్కర్లేదు. పై రెండు అంగుళాలు ఎండనిస్తే వాటి పిల్లలు బతకవు.

సీసాలో పెట్టిన తీగ పెరగడం లేదు, నీళ్లు పచ్చగా

ఎండ తగిలే గాజు సీసాలో పాచి పడుతుంది. సీసాకు కాగితం చుట్టండి, లేదా ముదురు రంగు సీసా వాడండి. ఆకులు నీళ్లలో మునగకూడదు, కణుపు, వేరు మునిగితే చాలు. ఉత్త నీళ్లలో ఆహారం ఉండదు కనుక ఏళ్ల తరబడి అక్కడే ఉంచితే ఆకులు చిన్నబడతాయి. వేర్లు రెండు మూడు అంగుళాలు కాగానే మట్టిలోకి మార్చడమే నయం.

వానాకాలంలో వారానికొకసారి నీళ్లు పారబోసి సీసా లోపల రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా ఎనిమిది, పది రోజులు చాలు, గుడ్లేమో గాజుకు అంటుకుని ఉంటాయి. నీళ్లు మార్చి సీసా రుద్దకపోతే లాభం లేదు.

తీగ కోసేటప్పుడు రసం చేతికి తగిలితే కొందరికి దురద. చామగడ్డ దురదకు కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులే ఇందులోనూ ఉంటాయి. పాకే పిల్లలు, కుక్కపిల్లలు ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది కాబట్టి అందనంత ఎత్తులో పెట్టండి.

తెల్లారేసరికి ఆకు కొసన నీటి బొట్టు

అక్టోబరులో అక్క మళ్లీ వచ్చింది, ఈసారి ఫోన్‌లో ఫోటోతో. "చెల్లె, ఇది ఏడుస్తున్నట్టుంది, ఇంట్ల ఏమన్న అయితదా?" ఆకు కొసన గుండ్రటి బొట్టు, వెనక రెండు కొత్త ఆకులు. రాత్రి గాలిలో తేమ నిండితే ఆకు ఆవిరి వదల్లేదు, వేరు మాత్రం నీళ్లు పైకి తోస్తూనే ఉంటుంది. ఆ ఎక్కువైన నీరే కొసన బొట్టుగా కడుతుంది. కుళ్లిన వేరుకు ఆ బలం ఉండదు. బొట్టు తుడిచేసి, మట్టిలో వేలు పెట్టి చూడమన్నాను. తడి ఉందట. ఇంకో మూడు రోజులు చెంబు ముట్టుకోవద్దని చెప్పాను.